మా గడప మీద పోసిన మన్ను

పేపర్లో రోజూ ఎవరో ఒకరు ఎవరి మీదో దుమ్మెత్తిపోస్తూనే ఉంటారు. అసెంబ్లీలో పోస్తారు, ప్రెస్‌మీట్లో పోస్తారు, ఏసీ గదిలో కూర్చుని చొక్కా మడత నలగకుండా పోస్తారు. మొన్న పొద్దున మా మనవరాలు కాఫీ తాగుతూ అలాంటి హెడ్డింగు ఒకటి గట్టిగా చదివి, "అవ్వా, నువ్వు తెలుగు టీచరువి గదా, ఈ మాట యాడ్నుంచి వచ్చింది? నిజంగానే దుమ్ము పోస్తారా ఏంది?" అని అడిగింది. బతుకంతా బళ్లో పిల్లలకు 'దుమ్మెత్తిపోయు అనగా తీవ్రంగా నిందించు, సొంత వాక్యంలో ప్రయోగించుము' అని చెప్పి మార్కులు వేసినదాన్ని. "పోస్తారే" అన్నాను. "నువ్వు జూసినావా?" అంది. చూశానన్నాను. "ఎవురి మీద పోసినారు?" అంది. పాలు పొంగుతున్నాయని చెప్పి వంటింట్లోకి పరుగెత్తాను. పొయ్యి మీద పాలూ లేవు, నీళ్లూ లేవు. ఈ వయసులో మనవరాలి ముందు అబద్ధమాడి స్టవ్ చాటున దాక్కోవాల్సి వచ్చిందే అని నాకు ఒళ్లంతా సిగ్గేసింది.

ఎందుకంటే ఆ దుమ్ము మా ఇంటి మీదే పోశారు. మా వైపు దుమ్ము అనరు, మన్ను అంటారు. 'మన్ను బోస్తా' అంటే ఉత్త బెదిరింపు కాదు, చేసే పనే. కండబలం ఉన్నవాడు కట్టె ఎత్తుతాడు. దుడ్లు ఉన్నవాడు కోర్టుకు పోతాడు. రెండూ లేని ఆడమనిషి, అందులోనూ పెద్దింటివాళ్ల చేతిలో అన్యాయమైన ఆడమనిషి, కొప్పు విప్పుకుని ఆ ఇంటి ముందు నిలబడి, వంగి కాళ్ల కింది మన్ను దోసిట్లోకి ఎత్తి గడప మీద పోస్తుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే ఆ మాటలో ఎత్తడం ఉంది, పోయడం ఉంది. ఎత్తాలంటే ముందు వంగాలి. నిఘంటువులో అర్థం రాసిన పండితుడికి ఆ వంగడం ఎందుకో తెలిసినట్టు లేదు, మన టీవీ వాళ్లకు అసలే తెలియదు. కడుపులో ఉన్నదంతా కక్కేసుకుని మనిషి తేలికపడడానికి పెట్టుకున్న పద్ధతి అది అని మా ఇంట్లో అనుకునేవాళ్లు. మొన్న మొన్నటిదాకా నేనూ అట్లే అనుకున్నాను.

మా ఇల్లు ప్రొద్దుటూరులో అంగళ్ల బజారుకు వెనక వీధిలో ఉండేది. ముందర అరుగు, తర్వాత పడసాల, దాని వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు, పెరట్లోంచి సందులోకి చిన్న వాకిలి. నాయనది గుడ్డలంగడి. సాయంత్రం ఆయన ఇంటికొస్తే కొత్త పంచెల గంజి వాసన ఆయన కంటే ముందే పడసాలలోకి వచ్చేది. ఇంటికి పెత్తనమంతా జేజిది, అంటే నాయన తల్లిది. తెల్లవారకముందే తలమీద నీళ్లు పోసుకుని, తడిచీరతోనే గడపకు పసుపు పూసి బొట్లు పెట్టేది. నడుములో ఎప్పుడూ నశ్యం డబ్బీ. ఆమె తుమ్మిందంటే వీధిలో పోయే ఎద్దులు బెదరాల్సిందే. మధ్యాహ్నాలు శనక్కాయలు వేయించి ఎండుమిరపకాయలతో రోట్లో దంచేది. ఆ పొడి, ఇంత నెయ్యి, వేడి వేడి అన్నం ఉంటే మాకు ఇంకేం అక్కర్లేదు. చీమలకు చక్కెర చల్లే ఇల్లు మాది. తేలు కనబడితే పట్టకారుతో పట్టి పెరటి గోడ అవతల వదిలేది జేజి. చంపితే పాపం అనేది. వీధివాళ్లు పిల్లలకు బుద్ధి చెప్పాలంటే మా ఇంటినే చూపించేవాళ్లు. ఆ పేరు చూసుకుని మా ఇంట్లో పెద్దవాళ్లే కాదు, పిల్లలం కూడా కొంచెం నిక్కి నడిచేవాళ్లం.

జమ్మలమడుగు దోవలో మాకు కొంచెం నల్లరేగడి చేను ఉండేది. ఆ చేను పక్క ఊరివాడు ఓబులేసు. గొర్రెలే ఆయన బతుకు. పైరు కోసి ఖాళీగా ఉన్న చేలో రాత్రిపూట గొర్రెల మందను పడుకోబెడితే చేనుకు మంచి ఎరువు. అందుకని రైతులు గొర్రెలవాణ్ణి పిలిచి మంద వేయించుకునేవాళ్లు. గింజలు ఇచ్చేవాళ్లు, అన్నం పెట్టేవాళ్లు. పిలవంది ఎవరి చేలోకీ మంద పోకూడదు. పోతే దాన్ని దొంగమేపు అంటారు. గొర్రెలు కాసేవాడికి అంతకు మించిన చెడ్డపేరు లేదు. ఆ మాట ఒక్కసారి పడిందంటే ఇంక ఏ రైతూ గట్టు ఎక్కనివ్వడు.

ఆ రోజు ఓబులేసు మా అరుగు కింది మెట్టు మీద కూర్చున్నాడు. పైమెట్టు మీద కూర్చోమన్నా కూర్చునే మనిషి కాదు. భుజాన కంబళి. ఆ కంబళి గొర్రెవాసనకు జేజి ముక్కు మూసుకుంటూనే బొరుగులు, బెల్లం తెచ్చి పెట్టింది. నేను అరుగు మీదే అచ్చనగాయలు ఆడుకుంటున్నాను. "ఓబులేసూ, ఈ తూరి మీదిసేను ఖాళీగా పడుండాది. మంద తోలకూడదా?" అన్నాడు నాయన. "ఎప్పుడు రమ్మంటావు శెట్టీ?" "రేపు తోలు." "అట్లే, రేపు పొద్దు గూకే పొద్దుకు తోల్తా" అని ఆయన బెల్లంముక్క పంచెకొంగులో కట్టుకున్నాడు. ఇంట్లో చిన్నబిడ్డ ఉందని చెప్పాడు. జేజి ఇంకో ముక్క పెట్టింది. జరిగిన మాటలు ఇంతే. విన్నది నాయన, జేజి, నేను.

మీదిచేను ఖాళీయే కానీ కిందిచేలో పత్తి ఉంది. మరుసటి రోజు పొద్దున కూలోళ్లు దానికి పురుగుమందు కొట్టారు. మందు కొట్టిన చేనుకు గట్టున ఒక కట్టె నాటి దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టాలి. మా వైపు అదే బోర్డు, అదే నోటీసు. అది కనబడితే గొర్రెలు కాసేవాళ్లు ఆ గట్టు ఛాయలకు పోరు. పీలిక నేను పంపిస్తాలే అని కూలోళ్లతో నాయన అన్నాడట. అంగడి నిండా తానులు తానులుగా గుడ్డ. బేరాల్లో పడి మరిచిపోయాడు. ఆ సాయంత్రం మాట ప్రకారం ఓబులేసు మంద తోలాడు. పొద్దున మంద లేచి, గట్టు మీద మందు తడిసిన పచ్చిగడ్డి కొరికింది. నోట నురగ వచ్చి సగం జీవాలు అక్కడికక్కడే పడిపోయాయట. నేను చూడలేదు. అమ్మ వంటింట్లో ఎవరితోనో చెప్తూ చెవులు మూసుకోవడం చూశాను.

ఓబులేసు ఊరి పెద్దలు అంగడికి వచ్చి అడిగితే నాయన, "నేను రమ్మన్లేదు. వాడే తోలుకున్న్యాడు, దొంగమేపు" అన్నాడు. ఎందుకన్నాడో ఎన్నిసార్లో ఆలోచించాను. నష్టం కట్టాల్సి వస్తుందనే భయం కాదు, ఆయన చెయ్యి పిసినారి చెయ్యి కాదు. చీమలకు చక్కెర చల్లే ఇంటి యజమాని అన్ని నోరులేని జీవాల చావుకు కారణమయ్యాడని జనం అనుకుంటారే అని భయపడ్డాడు. ఆ పాపం తన తలమీద పడకూడదని తీసుకుపోయి ఓబులేసు తలమీద పెట్టాడు. ఆయన కూతుర్ని, ఆయన పెట్టిన తిండి తిని పెరిగినదాన్ని, ఈ మాట రాయడానికి నా చెయ్యి ఆడడం లేదు.

తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం వీధి మొదట్లోంచి ఒకామె కేకలేసుకుంటూ వచ్చింది. ఓబులేసు భార్య గంగులమ్మ. అప్పటికి పాతికేళ్లు ఉంటాయేమో. కొప్పు విడిపోయింది. చీర కొంగులో ఏదో బరువుగా మూట కట్టి పొట్టకు ఆనించి పట్టుకుంది. వీధంతా వాకిళ్లలోకి వచ్చి నిలబడింది. "శెట్టీ! ఓ శెట్టీ! బయటికి రా!" నాయన అంగట్లో ఉన్నాడు. జేజి గడపలోకి వచ్చి నిలబడింది, నేను ఆమె కొంగు పట్టుకుని పక్కన. "వాడు ల్యాడమ్మా, అంగడికి పోయినాడు" అంది జేజి.

"నువ్వన్నా చెప్పవ్వా! నా మొగున్ని మంద తోలమనింది నీ కొడుకు గాదా? ఈ అరుగు మీద కూసోని చెప్పలా? నువ్వు బెల్లం పెట్టలా?"

జేజి పలకలేదు. లోపలినుంచి అమ్మ వణుక్కుంటూ వచ్చి తలుపు మూయబోయింది. "వాకిలెయ్యాకు" అంది జేజి మెల్లగా, వెనక్కి తిరక్కుండానే. "పోసుకోనీ."

గంగులమ్మ కాసేపు చూసింది. జేజి నోటివైపే చూసింది. తర్వాత కొంగుమూట విప్పింది. నల్లమన్ను. ఎండిన నల్లరేగడి. "మీ సేలోదే తెచ్చినా! బస్సెక్కించుకోని తెచ్చినా! మీది మీకే, పట్టుకోండి!" అని దోసిట్లోకి ఎత్తి గడప మీద పోసింది. "అంగడి నిండా గుడ్డలు బెట్టుకోని సేనుకు ఒక పీలిక గట్టల్యాకపాయనా నీ కొడుకు? నా జీవాలు పోతే పాయె, నా మొగుని మీద దొంగ అనే పేరు బెడ్తారా? మీ ఇంట్లో మన్ను బడ! మీ నోట్లో మన్ను బడ!" ఎత్తి పోసింది, మళ్లీ ఎత్తి పోసింది. పసుపు గడప నల్లబడింది. జేజి ముఖం మీద, నా తలలో, కళ్లల్లో మన్ను. పళ్ల మధ్య కరకరలాడింది. జేజి మాత్రం కదల్లేదు, ముఖం తుడుచుకోలేదు, నన్ను కూడా తుడుచుకోనివ్వలేదు. కొంగు ఖాళీ అయిపోయాక గంగులమ్మ నిలబడి రొప్పుతూ ఉండిపోయింది. జేజి అమ్మతో చెంబుడు నీళ్లు తెప్పించి, "కడుక్కో తల్లీ, ఇన్ని తాగు" అని అందించింది. గంగులమ్మ ఆ చెంబు వైపు చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. తీసుకుని చేతులు కడుక్కుంది. తాగలేదు. చెంబు గడప పక్కన పెట్టి, ఇంక ఒక్కమాట కూడా అనకుండా వెళ్లిపోయింది.

"పాయెలే" అంది జేజి ఆమె వీధి దాటాక. "కడుపులోదంతా కక్కేసుకునింది. ఇంగ సల్లబడతాది."

నాయనకు అంగట్లోనే కబురు అందింది. ఎప్పుడూ బజారు మధ్య నుంచి పదిమందిని పలకరిస్తూ వచ్చే మనిషి ఆ సాయంత్రం సందులోంచి పెరటి వాకిలి గుండా వచ్చాడు. స్నానం చేసి అన్నానికి కూర్చున్నాడు. నేనే నోరు తెరిచాను. "నాయనా, నువ్వే గదా ఓబులేసును రమ్మంటివి? నేను ఆడనే ఉంటిని గదా" అన్నాను. జేజి నా తొడ మీద గిచ్చిన గిచ్చుడు రెండు రోజులు కమిలి ఉండింది. నాయన తలెత్తకుండానే, "పోసిపాయె గదా. అయిపాయె. ఇంగ ఈ ఇంట్లో ఆ మాట ఎత్తొద్దండి" అని మజ్జిగ అడిగాడు. ఆయన ముఖంలో నాకు కోపం కనబడలేదు. ఏదో పని ముగిసిపోయినట్టు, పీడ వదిలినట్టు ఉన్నాడు. మన్ను పోసింది ఆమె, తేలికపడింది మేము. మరునాడు పొద్దున జేజి గడప కడిగి మళ్లీ పసుపు పూసింది.

అంతకంటే సిగ్గుచేటు సంగతి ఇంకోటుంది. ఆ మన్నుతో మా పేరు చెడలేదు, పెరిగింది. "శెట్టి వాళ్లమ్మ ఓర్పు జూడప్పా! అంత మన్ను బోస్తే పల్లెత్తు మాటన్లేదు, తిరిగి నీళ్లిచ్చిందంట" అని వీధిలో చెప్పుకున్నారు. అంగడికి వచ్చినవాళ్లు నాయనను ఓదార్చారు. ఓదార్పులు కూడా మాకే వచ్చాయి చూడండి! ఓబులేసును మాత్రం ఆ తర్వాత ఎవరూ మందకు పిలవలేదు. మిగిలిన జీవాలను అమ్ముకుని, ఎర్రగుంట్లకు పోయి లారీలకు సిమెంటు మూటలెత్తే పనిలో చేరాడని కొన్నాళ్లకు తెలిసింది. మా ఇంట్లో ఆ కబురు విని జేజి నశ్యం పీల్చి తుమ్మింది, అంతే.

ఇప్పుడు జేజి లేదు, నాయనా అమ్మా లేరు. అరుగు మీద ఆ మాట విన్నవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. మనవరాలి ముందు పాలు పొంగించిన తర్వాత నాకు మనసు నిలవలేదు. అంగడి ఇప్పుడు మా తమ్ముడు చూస్తాడు. ఓబులేసు పల్లెవాళ్లు ఈనాటికీ గుడ్డలకు మా దగ్గరికే వస్తారు కాబట్టి వాడికి అన్నీ తెలుసు. ఓబులేసు పోయి చాలాకాలమైందని, గంగులమ్మ పులివెందుల పక్క పల్లెలో కూతురింట్లో ఉంటోందని, అల్లుడు తుమ్మలపల్లె గనిలో పనిచేస్తాడని చెప్పాడు. నేను పోయి చూసి వస్తానంటే వాడు ఎగాదిగా చూసి, "నీకేమన్నా పిచ్చా అక్కా? ఆయమ్మ ఆ పొద్దే మన్ను బోసి కసి తీర్చుకునింది గదా. చెల్లుకు చెల్లు అయిపాయె" అన్నాడు. మన్ను పోసిన నాటికి వాడు ఉయ్యాల్లో ఉన్నాడు. ఆ మాట వాడి నోట్లోకి ఎవరు పెట్టారో నాకు తెలుసు.

బస్సెక్కి పోయాను. ఇంటి ముందు రేకుల పంచలో మంచం మీద కూర్చుని ఉంది గంగులమ్మ. చూపు మందగించింది కానీ గొంతు అదే. పక్కన ఆమె కూతురు లక్ష్మిదేవి చింతపండు గింజలు తీస్తోంది. చిన్నబిడ్డ ఉందని ఆనాడు ఓబులేసు బెల్లం కట్టుకుపోయింది ఈమె కోసమే. ప్రొద్దుటూరు గుడ్డలంగడి శెట్టి కూతురినని చెప్పాను. కూతురు చెయ్యి ఆగింది. గంగులమ్మ తల తిప్పి, "అచ్చనగాయలు ఆడుకుంటాండె అని నా మొగుడు చెప్పిన పాపవా?" అంది. అవునన్నాను. "తలలో శానా పడె గదా నీకు. కండ్లల్లో పడినాదేమోనని దోవంతా అనుకుంటి" అంది. ఆమె దగ్గర ఇంత దయ ఉంటుందని అనుకోలేదు, దానికి సిద్ధపడి పోలేదు.

కాఫీ ఇచ్చారు. తాగుతూ, టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది, అడిగేశాను. "అక్కా, ఆ పొద్దు మన్ను బోసినాక నీకు కడుపు సల్లబడినాదా?"

గంగులమ్మ నవ్వింది. "సల్లబడేదేంది పాపా! పోసినాకనే మండింది. దాన్ని మోసుకోని వచ్చేటప్పుడు బాగనే ఉంటి. బస్సులో కూసోని ఏమనుకుంటినంటే, నేను పోస్తా, మీ జేజికి రోసం వస్తాది, ఎందుకు బోస్తాండావే అంటాది, నేను చెప్తా, మీ నాయన వస్తాడు, పదిమంది జేర్తారు, అవును నేనే రమ్మంటినని ఒకమాట ఒప్పుకుంటాడు. అంతే అనుకుంటి. తిట్టను రాలా పాపా, అడగను వస్తి. మీ జేజి నోరు మూసుకోని పోయించుకునె. నీళ్లు గూడా ఇచ్చె. ఆ చెంబు జూసినాక తెలిసె, ఇంగ ఈళ్లు చెప్పరని."

చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆ ఓర్పును నేను ఎంత గొప్పగా దాచుకున్నానో! జేజి తలుపు మూయకపోవడం పెద్దమనసు అనుకున్నాను ఇన్నాళ్లూ. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకునే దారి అది. తిట్లు పడితే సరిపోతుంది, నిజం చెప్పే బాధ ఉండదు. అవతలి మనిషి కోపం చల్లారిందని ఇవతలివాళ్లు తీర్పు చెప్పేసుకుని, స్నానం చేసి, మజ్జిగన్నం తిని పడుకున్నారు. ఆ ఇంటిబిడ్డనని చెప్పుకోవడానికి ఆ రేకుల కింద నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"మా నాయనే రమ్మన్న్యాడక్కా" అన్నాను. "అరుగు మీద నేను విన్న్యా. ఓబులేసుది దొంగమేపు కాదు. పీలిక కట్టను మరిచిపోయి మా నాయన అబద్ధం చెప్పినాడు. మా జేజి దాసిపెట్టింది."

కూతురు ఏడ్చేసింది. గంగులమ్మ ఏడవలేదు. "నాకు చెప్తే ఏమొస్తాది పాపా? నాకు తెల్సిందే నాకు చెప్తివి" అంది. "ఆయప్ప పోయేదాంక ఒకటే మాట. మూటలెత్తే కాడ కొత్తోడు ఎవుడన్నా కనపడితే చాలు, 'పిలిస్తేనే తోల్న్యా' అని మొదులుబెట్టేటోడు. వాళ్లకేం తెల్సు, దేన్ని తోల్న్యాడో, యాడికి తోల్న్యాడో! నవ్వేటోళ్లు. ఊరోళ్లంతా శెట్టి మాట నమ్మిరి, నన్ను ఒక్కడూ నమ్మల్యా అని అదే దిగులు. ఆ దిగుల్తోనే పాయె." చెయ్యి చాపి నా మోకాలు పట్టుకుంది. "దొంగమేపు అని మీ నాయన యాడన్న్యాడు? అంగట్లో గదా? ఆడ చెప్పు. ఆ మాట ఆడనే ఉండాది ఇంగా."

చెప్తానని మాటిచ్చి వచ్చాను. మాటివ్వడం తేలిక, చెప్పడానికి నాకు వారం పట్టింది. పెళ్లిళ్ల రోజులు, అంగడి కిటకిటలాడుతోంది. తమ్ముడు గల్లాపెట్టె దగ్గర, పనివాళ్లు పరుపుల మీద చీరలు పరుస్తున్నారు. మధ్యలోకి పోయి నిలబడ్డాను. బళ్లో ఎన్ని తరగతులను అదిలించిన గొంతో, ఆ రోజు పైకి రానని మొరాయించింది. ఎలాగో తెచ్చుకుని, నాయన పేరు చెప్పి, ఓబులేసు పేరు చెప్పి, "మంద తోలమన్నది మా నాయనే. ఓబులేసు దొంగమేపు మేపలేదు. ఇదే అంగట్లో మా నాయన అబద్ధం చెప్పినాడు. అందరూ వినండి" అన్నాను. చీరలు చూస్తున్న ఆడవాళ్లు ఈమెకేమైందోనని తలలెత్తారు. తమ్ముడి ముఖం తెల్లబోయింది. "అక్కా, జనం ముందర ఏందిది? లోపలికి రా" అని చెయ్యి పట్టుకున్నాడు. నేను కదల్లేదు.

పంచెల దగ్గర కూర్చున్న ఒక ముసలాయన కళ్లద్దాలు సర్దుకుని నా వైపు చూశాడు. ఓబులేసు పల్లె మనిషే, నాయన కాలం నుంచి వచ్చే ఖాతాదారు. "దానికి అంత అరిచేదేందికమ్మా?" అన్నాడు నెమ్మదిగా. "మా ఊర్లో అందురికీ తెల్సు గదా అది. ఓబులేసు అడక్కుండా తోలే మనిషి గాదు. ఆ పొద్దే తెల్సు."

"తెల్సీ మరి ఎందుకప్పా మందకు పిలవల్యా ఆయన్ను?" అన్నాను.

"శెట్టి కాదన్న్యాక ఎట్ల పిలుస్తామమ్మా? మాకు అప్పుకు గుడ్డలిచ్చేటోడు ఆయన" అని, ఆయన మళ్లీ పంచె అంచు వేళ్ల మధ్య నలిపి చూసుకున్నాడు. ఆడవాళ్లు చీరల్లోకి తలలు దించారు. పనిపిల్ల కొత్త తాను విప్పింది.

సాయంత్రం లక్ష్మిదేవికి ఫోను చేశాను. ఆమె ఫోను తల్లి చెవి దగ్గర పెట్టింది. అంగట్లో చెప్పానని, నిండా జనం ఉండగా చెప్పానని, ఆయన పేరు పెట్టి చెప్పానని చెప్పాను. గంగులమ్మ, "మా ఊరోళ్లు ఎవురన్నా ఉన్న్యారా పాపా ఆడ?" అని అడిగింది.

"ఉన్న్యారక్కా."

"ఏమన్న్యారు మరి? నమ్మినారా?"

నమ్మినారని చెప్పాను. ఆనాడే తెలుసన్నారని ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు.